ఓడిన ఎరువు.. నిలిచిన పేరు

విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కితే డీఎస్సీ కోచింగ్‌కి వెళ్లే మీలాంటి వాళ్లు చాలామంది కనిపిస్తారు. ఉయ్యూరు దాటాక ఒకసారి పుస్తకం మూసి కిటికీలోంచి చూడండి. కోసిన వరి మళ్లు, నల్లటి బంకమట్టి, అక్కడక్కడా కాలుతున్న గడ్డి. ఆ బంకమట్టికున్న ఒక గుణం తెలియకే యూరప్‌లో పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త జస్టస్ లీబిగ్ ఘోరంగా దెబ్బతిన్నాడు.

ఆయన 1803లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పుట్టాడు. తండ్రికి రంగులు, రసాయనాలు అమ్మే కొట్టుండేది. లీబిగ్ బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. మందుల షాపులో పనికి కుదిరితే అదీ నిలవలేదు. పదమూడేళ్ల వయసులో, 1816లో, వేసవి సరిగా రాక అక్కడ పంటలు పోయాయి, కరవొచ్చింది. అయినా కెమిస్ట్రీ మాత్రం వదల్లేదు. పారిస్‌లో గేలుసాక్ దగ్గర పని నేర్చుకుని, 21 ఏళ్లకే గీసెన్‌లో ప్రొఫెసరయ్యాడు. విద్యార్థులు సొంత చేతులతో ప్రయోగాలు చేసే ఆయన ల్యాబ్ కోసం దేశదేశాల నుంచి కుర్రాళ్లు వచ్చేవారు.

మొక్కకు పొటాష్, ఫాస్ఫేట్ లాంటి ఖనిజాలు నేల నుంచే అందాలని 1840లో పుస్తకం రాశాడు. పేరు మార్మోగింది. 1845లో ఆయన పేటెంట్ ఎరువు ఇంగ్లండ్ మార్కెట్లోకి వచ్చింది. పొటాష్ వానకు కొట్టుకుపోతుందన్న భయంతో, అది తేలిగ్గా కరగకుండా సున్నపు పదార్థాలతో కలిపి కరిగించి గట్టిపరిచారు. రైతులు కొన్నారు, చల్లారు. పంట మాత్రం పెరగలేదు.

కారణం 1850లో థామస్ వే అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో బయటపడింది. బంకమట్టి పొటాష్‌ని నీళ్లతో పోనివ్వకుండా తనే పట్టి ఉంచుతుంది. అంటే లీబిగ్ జాగ్రత్తే మొక్క నోటికాడి కూడు లాగేసింది. ఏళ్ల తరబడి విమర్శకులతో వాదులాడిన ఆయన, చివరికి 1862లో అదే పుస్తకం కొత్త ముద్రణలో తన పొరపాటు ఒప్పుకున్నాడు. 1873లో చనిపోయాడు. ఎరువు పోయినా పేరు నిలిచింది.

ఇదంతా మీకెందుకంటారా? మన దేశం వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ దాదాపు మొత్తం దిగుమతే. అందుకే ప్రత్యామ్నాయాల వేట సాగుతోంది. మొలాసిస్ డిస్టిలరీల వ్యర్థం నుంచి తీసే ఎరువులో 14.5 శాతం పొటాష్ ఉంటుంది, మ్యూరేట్‌లో 60 శాతం. ఖనిజాల్లో చిక్కుకున్న పొటాష్‌ని కరిగించే బ్యాక్టీరియా ఎరువులూ వచ్చాయి. వరి పీల్చుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. తగలబెడితే బూడిదలో పొటాష్ చాలావరకు మిగులుతుంది కానీ, నత్రజని, సేంద్రియ పదార్థం పొగలో పోతాయి. గడ్డిని నేలలో కలిపేస్తే అన్నీ దక్కుతాయి.

వీటిలో ఏది మన మట్టిలో, ఏ పంటకు, ఎప్పుడు అందుతుందో సంచి మీది అంకె చెప్పదు. ఎరువు వేసిన మడి, వేయని మడి పక్కపక్కన పెట్టి కొలవాలి. భూసార పరీక్ష కేంద్రాలు, ఘంటసాల లాంటి కృషి విజ్ఞాన కేంద్రాలు, జీవన ఎరువుల కంపెనీల్లో ఉండేది ఈ పనే. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, అగ్రికల్చర్ చదివినవాళ్లు ఇటువైపూ ఓ కన్నేయండి.

రేపు ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు ఎక్కడ ఫెయిలైందని అడిగితే తడబడకండి. ఎక్కడ తప్పిందో, ఎలా తెలిసిందో, ఏం మార్చారో చెప్పండి. లీబిగ్‌కి అది ఒప్పుకోడానికి పదిహేడేళ్లు పట్టింది. మీకు అంత టైం అక్కర్లేదు.