రాళ్ళలో కాలాన్ని చదివిన హట్టన్

కొండలను మానవుడు అనాదిగా స్థిరత్వానికి ప్రతీకలుగా భావిస్తూ వచ్చాడు. ఆ కొండలు సైతం అరిగిపోతాయని, వాటి శిథిలాల నుండే కొత్త శిలలు పుడతాయని సహేతుకంగా వివరించిన మహనీయుడు జేమ్స్ హట్టన్. ఆధునిక భూగర్భశాస్త్ర పితామహుడిగా ఆయన ప్రసిద్ధి పొందాడు.

హట్టన్ 1726లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనను తల్లి పెంచి విద్యావంతుణ్ణి చేసింది. తొలుత ఒక న్యాయవాది వద్ద పనికి కుదిరినా, ఆయన మనసు రసాయన ప్రయోగాలపైనే లగ్నమైంది. తరువాత వైద్యశాస్త్రం అభ్యసించి 1749లో హాలెండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం నుండి పట్టం పొందాడు. అయితే వైద్యవృత్తిని చేపట్టక, తండ్రి నుండి సంక్రమించిన పొలంలో వ్యవసాయానికి పూనుకున్నాడు.

ఆ సేద్యమే ఆయనకు గురువైంది. వర్షం కురిసినప్పుడల్లా పొలంలోని సారవంతమైన మట్టి వాగుల్లో కలిసి సముద్రం వైపు సాగిపోవడం గమనించాడు. నిరంతరం ఇలా జరుగుతూ ఉంటే నేల అంతా ఏనాడో సముద్రం పాలై ఉండాలి. మరి పైరు పండే నేల ఇంకా ఎలా మిగిలింది? ఈ ప్రశ్న ఆయనను విడిచిపెట్టలేదు. కొంతకాలానికి తిరిగి ఎడిన్‌బరో చేరి, రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్, ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ వంటి మిత్రుల సాంగత్యంలో తన చింతనను కొనసాగించాడు.

భూమి వయస్సు సుమారు 6,000 సంవత్సరాలేనని ఆనాటి ఐరోపాలో చాలామంది విశ్వసించేవారు. శిలలన్నీ ఒకప్పటి మహాసముద్ర జలాల నుండి పేరుకొన్నవేనని జర్మనీ పండితుడు వెర్నర్ అనుయాయులు వాదించేవారు. హట్టన్ 1785లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ఎదుట వేరొక సిద్ధాంతాన్ని ఉంచాడు. ఎండ, వాన, గాలి, మంచు శిలలను శిథిలం చేస్తాయి. నదులు ఆ ఇసుకను, మట్టిని సముద్రానికి చేరుస్తాయి. అక్కడ పొరలు పొరలుగా పేరుకొన్న మేట కాలక్రమాన గట్టిపడి శిల అవుతుంది. భూగర్భంలోని ఉష్ణం దానిని పైకెత్తగా కొత్త నేల ఏర్పడుతుంది. ఆ నేల మరల అరగనారంభిస్తుంది. నేడు మన కళ్ళ ఎదుట మందగతిన పనిచేస్తున్న శక్తులే గతంలోనూ పనిచేశాయని, వాటికి కావలసినది సుదీర్ఘమైన కాలమేనని ఆయన ప్రతిపాదించాడు.

సిద్ధాంతానికి సాక్ష్యం కావాలి. అందుకై అరవై ఏళ్ళ ప్రాయంలో హట్టన్ కొండలు, లోయలు గాలించాడు. గ్లెన్ టిల్ట్ లోయలో గ్రానైట్ ఇతర శిలల్లోకి సిరలవలె చొచ్చుకొని ఉండటం చూచి, అది ఒకప్పుడు కరిగిన శిలాద్రవమని గ్రహించాడు. 1788లో మిత్రులు జాన్ ప్లేఫెయిర్, జేమ్స్ హాల్‌లతో కలిసి పడవలో తూర్పు తీరాన ఉన్న సిక్కర్ పాయింట్ చేరాడు. అక్కడ బూడిదరంగు శిలాపొరలు నిట్టనిలువుగా నిలిచి ఉండగా, అరిగిన వాటి అంచులపై ఎర్రని ఇసుకరాతి పొరలు కొద్దిపాటి వాలుతో పరచుకొని ఉన్నాయి. కింది పొరలు సముద్రగర్భంలో పేరుకొని, గట్టిపడి, మడతపడి, పైకి లేచి, అరిగిన పిమ్మటనే పై పొరలు ఏర్పడి ఉండాలి. ఆ రెంటి నడుమ గడచిన కాలాన్ని తలచుకొని మిత్రులు విస్మయం చెందారు.

విమర్శలు తప్పలేదు. ఈ సిద్ధాంతం మతగ్రంథానికి విరుద్ధమని ఐర్లండ్ పండితుడు రిచర్డ్ కిర్వాన్ 1793లో ఖండించాడు. రోగపీడితుడై ఉండి కూడా హట్టన్ వెనుదీయక, 1795లో తన గ్రంథాన్ని రెండు సంపుటాలుగా వెలువరించాడు. కాని శైలి క్లిష్టంగా ఉండటం వల్ల అది ఎక్కువమందికి చేరలేదు. తగిన గుర్తింపు చూడకుండానే 1797లో ఆయన కన్నుమూశాడు. ప్లేఫెయిర్ 1802లో ఆ సిద్ధాంతాన్ని సులభశైలిలో వివరించి మిత్రఋణం తీర్చుకున్నాడు. 1830 నుండి వెలువడిన చార్లెస్ లయెల్ గ్రంథం ఆ భావాలను లోకమంతటా వ్యాపింపజేసింది. దానిని చదివిన చార్లెస్ డార్విన్ జీవపరిణామ చింతనకు అది ఊతమైంది.

భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని నేటి శాస్త్రం నిర్ధారించింది. పర్వతాలను పైకెత్తేది భూఫలకాల చలనమని, దానికి మూలం భూగర్భ ఉష్ణమని తెలిపింది. సిక్కర్ పాయింట్‌లో హట్టన్ చూసిన దృశ్యం వంటిదే మన తిరుమల కనుమదారిలోనూ ఉంది. అక్కడ అతి పురాతనమైన గ్రానైట్ శిలలపై, కోట్ల సంవత్సరాల విరామం తరువాత ఏర్పడిన క్వార్ట్‌జైట్ పొరలు కనిపిస్తాయి. వానకు మట్టి కొట్టుకొనిపోవడం ప్రతి రైతూ ఎరిగిన విషయమే. ఆ సామాన్య దృశ్యాన్ని ప్రశ్నించి, ముప్పై ఏళ్ళకు పైగా సమాధానాన్ని అన్వేషించిన పట్టుదలే హట్టన్‌ను చిరస్మరణీయుణ్ణి చేసింది.