పూసలతో దారి కొలిచిన పంతులుగారు



పోయిన నెల ఏడో తరగతి పిల్లల్ని వాడరేవు తీసుకెళ్ళాం. ఆ సాయంత్రం వాళ్ళ బూట్లలోంచి ఎంత ఇసుక దులిపారో మీకే తెలుసు, క్షమించాలి. అక్కడ వాళ్ళకు ఒక చిన్న పని ఇచ్చాను. తాడుతో వంద అడుగులు కొలిచి, ఆ దూరాన్ని ముందు నీళ్ళ అంచున తడి ఇసుక మీద, తర్వాత పైన పొడి ఇసుకలో నడిచి, ఎన్ని అంగలు పడ్డాయో లెక్కపెట్టమన్నాను. తడి ఇసుక మీద నలభై అంగలు వేసిన పాపకు పొడి ఇసుకలో నలభై ఎనిమిది పడ్డాయి. కాలు దిగబడితే అంగ చిన్నదైపోతుంది మరి.

మర్నాడు ఒక అమ్మగారు ఫోన్ చేసి, ఇది ఏ పరీక్షలో వస్తుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ నెల పేజీలో చెబుతున్నాను. ఆ పిల్లలు ఒక్క పూట చేసిన పనిని ఏళ్ళ తరబడి, మంచు కొండల మీద చేసిన మనిషి ఒకాయన ఉన్నారు.

మంచు కొండలంటే మన పిల్లలకు వెంటనే గుర్తొచ్చేది నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు. నేను చెప్పే ఆయన అంతకు నూట నలభై ఏళ్ళ ముందటివారు. పేరు నైన్ సింగ్ రావత్. 1830లో కుమావూ కొండల్లో, గోరీ గంగ పుట్టే హిమానీనదం పక్కనున్న మిలం అనే ఊళ్ళో పుట్టారు. చలికాలం ఆ ఊరు ఖాళీ. మంచు కప్పేయగానే అందరూ గొర్రెలు, మేకలతో కింది లోయలకు దిగిపోయి, అది కరిగే వేళకు తిరిగి పైకి వచ్చేవారు. తర్వాత కనుమలు దాటి టిబెట్‌తో వ్యాపారం. మంచు కరిగితేనే దారి తెరుచుకునేది, కానీ నడకకు అదే గడ్డుకాలం. తెల్లవారుజామున గట్టిగా ఉన్న మంచు ఎండ ఎక్కేసరికి మెత్తబడి కాలు మోకాలిదాకా దిగుతుంది. వాగుల మీద పేరుకున్న మంచు పైకి వంతెనలాగే కనిపిస్తుంది, అడుగున నీళ్ళు దాన్ని తినేసి ఉంటాయి. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ కాలు పెట్టకూడదో అక్కడి పిల్లలకు అక్షరాలకంటే ముందే వచ్చే చదువు.

ఆయన ఆ ఊరి బడిలోనే హెడ్మాస్టరుగా చేశారు. 1863లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఆయన్నీ, బంధువు మణి సింగ్‌నీ డెహ్రాడూన్‌కు రప్పించారు. టిబెట్‌లోకి విదేశీయులకు ప్రవేశం లేదు, పటంలో ఆ భాగమంతా ఖాళీ. కొండ మనుషులకు కొలత నేర్పించి మారువేషంలో పంపాలన్నది కెప్టెన్ మాంట్‌గోమరీ ఆలోచన.

శిక్షణ ఎలాంటిదంటే, ఎక్కుతున్నా దిగుతున్నా చదునున నడుస్తున్నా ఒకే పొడవు అంగ. మైలుకు సుమారు రెండు వేలు. జపమాలలో 108 పూసలకు బదులు 100 పెట్టారు. వంద అంగలకు ఒక పూస జరిపితే, మాల ఒకసారి తిరిగేసరికి పదివేల అంగలు, అంటే అయిదు మైళ్ళు. చేతిలోని ప్రార్థన చక్రంలో మంత్రాల కాగితం బదులు లెక్కల కాగితం. ఎవరైనా దగ్గరికొస్తే చక్రం తిప్పుతూ జపంలో ఉన్నట్టు నడిచేవారు, భక్తుణ్ణి ఎవరూ పలకరించరు.

నక్షత్రాల ఎత్తు కొలవడానికి సమతలం కావాలి. మనకైతే వాడరేవులో సముద్రం, ఆకాశం కలిసే గీత ఉంది. కొండల మధ్య అది దొరకదు. అందుకని గవ్వల్లో దాచిన పాదరసాన్ని గిన్నెలో పోసి, అందులో చుక్క నీడ చూసేవారు. ఎత్తు తెలుసుకోవడానికి నీళ్ళు కాచేవారు. వాడరేవు ఒడ్డున నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. లాసాలో సుమారు 88కే మరుగుతాయి.

1865లో నేపాల్ మీదుగా బయల్దేరారు. సరిహద్దులో అధికారులు వెనక్కి పంపేస్తే, లదాఖీ వ్యాపారి వేషం మార్చి వర్తకుల బిడారులో కలిశారు. 1866 జనవరిలో లాసా చేరారు. డబ్బు అయిపోతే అక్కడి నేపాలీ వర్తకులకు లెక్కలు చెప్పి కాలం గడిపారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎంత దూరం వెళ్ళినా ట్యూషన్ తప్పలేదు! అనుమతి లేకుండా వచ్చిన ఒకతని తల అక్కడ నడివీధిలో తీశారు. అది కళ్ళారా చూశాక కూడా ఆయన కొలత ఆపలేదు. మానససరోవరం మీదుగా తిరిగొచ్చేసరికి మొత్తం సుమారు 1,200 మైళ్ళు, ఇరవై అయిదు లక్షల అంగలు. మెత్తని మంచులో అంగ కురచైతే పటంలో ఊరు పక్కకు జరిగిపోతుంది. వెనక నడిచి సరిచూసేవాళ్ళు లేరు. తప్పు లెక్క రాసినా ఆ రోజుకు ఎవరికీ తెలియదు.

ఆయన్ని పిల్లలకు ఉత్త వీరుడిగా చెప్పలేదు. తనను నమ్మి దారి చూపినవాళ్ళ దగ్గర ఆయన దొంగచాటుగా కొలిచారు, అదీ వాళ్ళ పూజా వస్తువుల్నే అడ్డం పెట్టుకుని. ఆ పని బ్రిటిష్ ప్రభుత్వం కోసం. 1904లో ఆ ప్రభుత్వ సైన్యమే లాసాలో అడుగుపెట్టింది. అప్పటికి ఆయన లేరు. క్లాసులో సగం మంది ఆయన చేసింది తప్పన్నారు, సగం మంది కాదన్నారు. గంట మోగినా తేలలేదు.

1867లో టిబెట్ బంగారు గనులకు వెళ్ళారు. 1874 జులైలో లేహ్ నుంచి లాసా మీదుగా చివరి పెద్ద నడక సాగించి, 1875 మార్చి 1న అస్సాంలోని ఉదల్‌గురి చేరారు. అప్పటికి ఆరోగ్యం పోయింది, రాత్రిళ్ళు చుక్కలు చూసిన కళ్ళు మరీ దెబ్బతిన్నాయి. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. మొదటి నివేదికల్లో మాత్రం ఆయన పేరే లేదు, రహస్యం కోసం పండిట్ అని మాత్రమే రాశారు. పండిట్ అంటే మన భాషలో పంతులుగారు.

ఇంకొక్క విషయం. నీళ్ళు మరిగే లెక్క విన్నాక పిల్లలు ఇంట్లో ప్రయోగం చేస్తామంటున్నారు. దయచేసి జ్వరం థర్మామీటరు ఇవ్వకండి, మరిగే నీళ్ళలో పగిలిపోతుంది. ల్యాబ్ థర్మామీటరుతో శనివారం బడిలో నేనే చేయిస్తాను.