బెన్నీ గుడ్‌మన్

చికాగో నగరమందలి బీదలవాడలో 1909వ సంవత్సరము మే 30వ తేదీన బెన్నీ గుడ్‌మన్ జన్మించెను. 12 మంది సంతానములో అతడు తొమ్మిదవవాడు. తండ్రి డేవిడ్ ఐరోపా నుండి అమెరికాకు వలసవచ్చిన యూదుడు, వృత్తిచే దర్జీ. కుటుంబ పోషణకై అతడు పశువధశాలలలో కొవ్వును పారతో ఎత్తు కూలిపనియు చేసెను. తన కొడుకులకు ఆ బ్రతుకు వలదని అతని పట్టుదల. సమీపమున ఒక యూదు ప్రార్థనామందిరమందు పిల్లలకు వాద్యములిచ్చి సంగీతము నేర్పుదురని విని, ముగ్గురు కుమారులను వెంటబెట్టుకొని పోయెను. పెద్దవానికి ట్యూబా, రెండవవానికి ట్రంపెట్టు లభించెను. వారిలో చిన్నవాడగు పదేండ్ల బెన్నీకి, మన పెండ్లి మేళములలో వినవచ్చు క్లారినెట్టు దక్కెను.

తరువాత ఫ్రాంజ్ ష్యోప్ అను గురువు రెండేండ్లు అతనికి శాస్త్రీయ పద్ధతిని శిక్షణ నిచ్చెను. ఆ గురువునొద్ద తెల్లజాతి విద్యార్థులేగాక నల్లజాతి విద్యార్థులును నేర్చుకొనుచుండిరి. ఆ దినములలో ఇది అరుదు. 16 ఏండ్లకే బెన్నీ పేరుగల బృందములో చేరెను. కాని 1926లో డేవిడ్ మోటారు ప్రమాదమున మరణించెను. కొడుకు కీర్తిని చూచు భాగ్యము అతనికి లేకపోయెను.

1934లో బెన్నీ స్వంత బృందము నేర్పరచెను. సుమారు 14 మంది వాద్యకారులుండు ఇట్టి బృందములు వాయించు నృత్యసంగీతమునకు స్వింగ్ అని పేరు. ఇత్తడి వాద్యములొక పక్షము, శాక్సఫోనులొక పక్షము. ఒకటి ప్రశ్నింప రెండవది బదులు పలుకును. డ్రమ్ములు లయను ఊయలవలె ఊపుచుండును. నడుమ ఒకడు లేచి తన మనోధర్మమును ప్రదర్శించును. ఈ పాటలను బృందమునకు అనువుగ కూర్చి వ్రాసియిచ్చినవారిలో ముఖ్యుడు ఫ్లెచర్ హెండర్సన్ అను నల్లజాతి విద్వాంసుడు. గుడ్‌మన్ కీర్తిలో పెద్దపాలు అతనికి చెందవలెననుట న్యాయము.

1935లో బృందము దేశాటనమునకు వెడలెను. డెన్వరు నగరమున శ్రోతలు మెచ్చలేదు. ఆగస్టు 21వ తేదీన లాస్ ఏంజెలెస్‌లోని పాలొమార్ నృత్యశాలయందు వారు జంకుచు మెల్లని పాటలతో ఆరంభించిరి. జనము ఉదాసీనముగ నుండెను. ఓటమి తప్పదనుకొని, తమకు ప్రియమైన హెండర్సన్ కూర్పులనే పైకి దీసిరి. అంతట యువకులు నృత్యము మాని వేదిక చుట్టును మూగిరి! దీనికి కారణము విచిత్రము. అంతకుముందు న్యూయార్కు రేడియోలో ఆ బృందము బాగుగ ప్రొద్దుపోయిన పిదప వాయించెడిది. అచ్చట పెక్కురు నిద్రించుచుండిరి. గడియారము మూడు గంటలు వెనుకనున్న లాస్ ఏంజెలెస్‌లో అది తొలిరేయి. అచ్చటి యువజనము ఆ సంగీతము నెరిగియే వచ్చియుండిరి.

కీర్తి వచ్చిన పిమ్మట గుడ్‌మన్ మరియొక సాహసము చేసెను. నల్లవారును తెల్లవారును ఒకే వేదికపై వాయించుట ఆనాడు సమ్మతము కాదు. 1936లో అతడు పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సన్‌ను, వైబ్రఫోను వాదకుడు లయొనెల్ హాంప్టన్‌ను తన పక్కన నిలిపెను. గుడ్‌మన్ సౌమ్యుడేమియు కాడు. తప్పు వాయించినవానిని మాటలేక తీక్ష్ణముగ చూచెడివాడు. ఆ చూపునకు రంగుభేదము లేకుండెను.

1938 జనవరి 16వ తేదీన న్యూయార్కులోని కార్నెగీ హాలులో అతని కచేరి జరిగెను. కౌంట్ బేసీ మొదలగు నల్లజాతి విద్వాంసులును అందు పాల్గొనిరి. వేదికపై వ్రేలాడదీసిన ఒకే మైక్రోఫోనుతో అది రికార్డు చేయబడెను. ఆ రికార్డులు 12 ఏండ్లు మరుగున పడియుండి, 1950లో వెలువడెను. అప్పటికి పెద్ద బృందముల కాలము గతించినది. పాలొమార్ నృత్యశాలయు 1939లోనే కాలిపోయినది. అయినను జనము వానిని ఆదరముతో కొనిరి, నేటికిని వినుచున్నారు. గుడ్‌మన్ వృద్ధాప్యమందును క్లారినెట్టు విడువక, 1986 జూన్ 13వ తేదీన 77 ఏండ్ల వయస్సున న్యూయార్కులో మరణించెను.