నెట్టీ స్టీవెన్స్

పుట్టబోయే ప్రాణి ఆడో, మగో నిర్ణయించేది ఏది? ఈ ప్రశ్న ప్రాచీనకాలం నుండి మానవుని ఆలోచింపజేసింది. తల్లి తిన్న ఆహారం కారణమని కొందరు, ఉష్ణం కారణమని మరికొందరు ఊహించారు. ఊహలకు స్వస్తి చెప్పి, ప్రత్యక్ష ప్రమాణంతో సమాధానం చూపిన విదుషీమణి నెట్టీ మరియా స్టీవెన్స్.

ఆమె 1861 జూలై 7న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ అనే ఊరిలో జన్మించింది. తండ్రి వడ్రంగి. స్త్రీలకు ఉన్నతవిద్య అరుదైన ఆ రోజులలో ఆమె ఉపాధ్యాయినిగా, గ్రంథాలయ ఉద్యోగినిగా పనిచేసింది. 1896లో, ముప్పయి అయిదేళ్ల ప్రాయంలో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా చేరింది. 1903లో బ్రిన్‌మార్ కళాశాల నుండి డాక్టరేట్ పట్టం పొందింది.

1905లో ఆమె పిండిపురుగుల కణాలను సూక్ష్మదర్శినితో పరిశీలించింది. ఆడపురుగు కణంలో ఇరవై పెద్ద క్రోమోజోములు ఉన్నాయి. మగపురుగు కణంలో పెద్దవి పందొమ్మిదే. ఇరవయ్యోది మిక్కిలి చిన్నది. అండాలన్నింటిలోను పది పెద్దవే ఉంటాయి. శుక్రకణాలు మాత్రం రెండు విధాలు: సగం పది పెద్దవాటితో, సగం తొమ్మిది పెద్దవాటితో, ఒక చిన్నదానితో ఏర్పడతాయి. మొదటి రకం అండంతో కలిస్తే ఆడపురుగు, రెండవ రకం కలిస్తే మగపురుగు జనిస్తాయని ఆమె గ్రహించింది. ఆ చిన్నదానినే నేడు వై క్రోమోజోమ్ అంటున్నాము.

అదే సంవత్సరం ఎడ్మండ్ విల్సన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా స్వతంత్రంగా ఇట్టి పరిశోధనే ప్రకటించాడు. ఆమెకు బోధించిన థామస్ హంట్ మోర్గాన్ మొదట క్రోమోజోమ్ సిద్ధాంతాన్ని శంకించాడు. పిదప తానే దానిని బలపరచి 1933లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అప్పటికి స్టీవెన్స్ జీవించి లేదు. బ్రిన్‌మార్ కళాశాల ఆమె కోసం పరిశోధనాచార్య పదవిని ఏర్పరచినా, దానిని స్వీకరించకముందే, 1912 మే 4న, రొమ్ము క్యాన్సర్‌తో మరణించింది. ఆమె పేరు చాలాకాలం మరుగున పడిపోయింది.

ప్రకృతిలో ఈ రీతి సర్వత్ర ఒకటి కాదు. పక్షులలో అండమే లింగాన్ని నిర్ణయిస్తుంది; మొసళ్లలో గుడ్లు పొదిగే ఉష్ణం నిర్ణయిస్తుంది. మానవులలో మాత్రం తండ్రి నుండి సంక్రమించే క్రోమోజోమే ఆధారమని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. ఆ కలయిక కూడా యాదృచ్ఛికం. తండ్రి ఇచ్ఛకు లోబడినది కాదు. ఆడపిల్లను కన్నదని తల్లిని నిందించడం ఎంతటి అవివేకమో, అన్యాయమో ఒక చిన్న పురుగు సాక్షిగా నెట్టీ స్టీవెన్స్ లోకానికి తెలియజెప్పింది.