ఎడిసన్ – పదేళ్ల కృషి

నేడు మన వీధుల్లో పొగ, చప్పుడు లేకుండా సాగిపోయే విద్యుత్ కార్లు కనిపిస్తున్నాయి. ఇవి ఈ కాలానికే చెందినవని చాలామంది అనుకుంటారు. కాని నూరేళ్లకు పూర్వమే అమెరికా నగరాల్లో విద్యుత్ కార్లు తిరిగాయి. వాటికి మంచి బ్యాటరీ సమకూర్చాలని పదేళ్లు శ్రమించినవాడు థామస్ ఆల్వా ఎడిసన్.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో, మిలాన్ అనే ఊళ్లో జన్మించాడు. బడిలో చదివింది కొద్దికాలమే. తల్లి నాన్సీ ఇంటివద్దనే ఆయనకు చదువు చెప్పింది. చిన్న వయసులోనే రైళ్లలో వార్తాపత్రికలు, మిఠాయిలు అమ్మాడు. సామాన్ల పెట్టెలో ఒక మూల ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నాడు. బాల్యంలోనే వినికిడి తగ్గిపోయినా కుంగిపోలేదు. టెలిగ్రాఫు పని నేర్చుకుని విద్యుత్ పరికరాల మెలకువలు గ్రహించాడు. 1877లో ఫోనోగ్రాఫును, 1879లో చాలాసేపు వెలిగే విద్యుద్దీపాన్ని రూపొందించాడు. 1882లో న్యూయార్కు నగరంలో విద్యుత్కేంద్రాన్ని నెలకొల్పాడు.

ఆ శతాబ్దం ముగిసేనాటికి గుర్రబ్బండ్లకు పోటీగా మోటారు బండ్లు వచ్చాయి. 1900లో అమెరికాలో తయారైన కార్లలో 1,681 ఆవిరితోను, 1,575 విద్యుత్తుతోను నడిచేవి. పెట్రోలుతో నడిచేవి 936 మాత్రమే.

ఆనాటి పెట్రోలు కారును కదిలించడం తేలిక కాదు. ముందుభాగంలో ఇనుప హ్యాండిల్ దూర్చి బలంగా తిప్పాలి. ఒక్కొక్కసారి అది వెనక్కు తన్ని చేతి ఎముకలు విరిగేవి. చప్పుడు, పొగ, వాసన సరేసరి. విద్యుత్ కారుకు ఈ బాధలు లేవు. మీట జరిపితే చాలు, మెత్తగా సాగేది. అయితే దాని బ్యాటరీయే దానికి బరువైంది. సీసపు పలకలు, ఆమ్లంతో చేసిన ఆ బ్యాటరీ మోయలేనంత బరువుండేది. కొంతదూరం పోగానే మళ్లీ గంటల తరబడి ఛార్జి చేయాలి. పెట్రోలు కారుకైతే ట్యాంకు నింపుకోవడం కొద్ది నిమిషాల పని.

ఈ లోపాన్ని తొలగించగలిగితే విద్యుత్ కారుకు తిరుగుండదని ఎడిసన్ భావించాడు. 1899లో పని మొదలుపెట్టాడు. సీసానికి బదులు నికెల్, ఇనుము, ఆమ్లానికి బదులు క్షారం ఉపయోగించాలని నిశ్చయించాడు. ఆయన, ఆయన సహాయకులు వేలకొద్దీ ప్రయోగాలు చేశారు. 1903లో కొత్త బ్యాటరీ అమ్మకానికి వచ్చింది.

కాని కొద్దికాలానికే కొన్ని బ్యాటరీలు కారసాగాయి. కొన్నింటి శక్తి తగ్గిపోయింది. కొనేవారు ఇంకా ఉన్నా, ఎడిసన్ 1904లో తయారీని నిలిపివేశాడు. లోపమున్న బ్యాటరీలను వెనక్కు తీసుకున్నాడు. చాలా ధనం నష్టపోయినా, మంచి వస్తువు తయారయ్యేదాకా అమ్మకూడదని పట్టుబట్టాడు. మరో అయిదేళ్లు శ్రమించి, 1909లో గట్టి బ్యాటరీని సాధించాడు. అది చాలా ఏళ్లు మన్నేది.

ఈలోగా లోకం మారిపోయింది. డెట్రాయిట్‌లోని ఎడిసన్ విద్యుత్ కంపెనీలో హెన్రీ ఫోర్డ్ అనే ఇంజనీరు ఉండేవాడు. అతడు పెట్రోలు బండిని తయారుచేశాడు. 1896లో కలిసినప్పుడు ఎడిసన్ అతణ్ణి మెచ్చుకుని ప్రోత్సహించాడు. ఆ ఫోర్డే 1908లో ‘మోడల్ టి’ కారును 850 డాలర్లకు అమ్మసాగాడు. తరువాత ధర ఇంకా తగ్గించాడు. విద్యుత్ కార్లలో చాలావాటి ధర దానికి రెండింతలకు పైనే ఉండేది. పైగా పల్లెల్లో విద్యుత్తు లేదు. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో వచ్చింది. చిన్న బ్యాటరీ, చిన్న మోటారు కలిసి ఇంజనును తిప్పేవి. ఇక హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది. విద్యుత్ కారును వెనక్కు నెట్టడానికి విద్యుత్తే తోడ్పడింది! 1914లో ఎడిసన్, ఫోర్డ్ కలిసి చౌక విద్యుత్ కారు తయారుచేయాలని తలపెట్టారు. అది అమ్మకానికి రాలేదు.

అయినా ఎడిసన్ శ్రమ వృథా కాలేదు. ఆయన బ్యాటరీ గనుల్లో పనివారి తలదీపాలను వెలిగించింది. రైల్వే సిగ్నళ్లకు, సరుకులు చేరవేసే బండ్లకు ఉపయోగపడింది. ఆయనకు మంచి లాభాలు కూడా తెచ్చింది. 1931 అక్టోబరు 18న, 84 ఏళ్ల వయసులో, ఎడిసన్ కన్నుమూశాడు.

బరువు తగ్గాలి, దూరం పెరగాలి, ఛార్జి త్వరగా కావాలి, ధర అందుబాటులో ఉండాలి. నేటి శాస్త్రజ్ఞులు కూడా ఈ సమస్యలతోనే కుస్తీ పడుతున్నారు. తలపెట్టిన పని అనుకున్నట్లు ఫలించకపోవచ్చు. కాని తన వస్తువులోని లోపాన్ని దాచకుండా, దాన్ని సరిదిద్దేవరకు విశ్రమించని ఎడిసన్ పట్టుదల ఎందరికో ఆదర్శం.