హిమాలయాలకు కెమెరా ఎక్కింది... మోసినవాళ్ల పేర్లే మిగల్లేదు

రాజా దీన్ దయాళ్ పేరు హైదరాబాదీలకు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. దీన్ దయాళ్‌కు పేరు రాకముందే, 1860లలో హిమాలయాల ఫోటోలతో ప్రసిద్ధుడైన ఇంగ్లిష్ ఫోటోగ్రాఫర్ ఒకరున్నారు. ఆయనే శామ్యూల్ బోర్న్. ఆయన తీసిన మంచు కొండలు, కశ్మీర్ నదులు, దేవదారు అడవుల ఫోటోలు ఇప్పటికీ పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. అవి తీయడానికి ఆ కొండల మీదకు ఎంత సామాను వెళ్లింది, దాన్ని ఎవరు మోశారు అన్నది మాత్రం చాలామందికి తెలియదు.

బ్యాంకు వదిలి కొండలకు

బోర్న్ 1834లో ఇంగ్లండ్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమస్తాగా పనిచేస్తూ తీరిక దొరికినప్పుడల్లా ఫోటోలు తీసేవారు. 1862లో లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆయన ఫోటోలు పెట్టారు. దాంతో ధైర్యం వచ్చి నికరమైన జీతమున్న ఉద్యోగం వదిలేశారు. 1863 మొదట్లో కలకత్తాలో ఓడ దిగి, అక్కడి నుంచి సిమ్లా చేరారు. విలియం హోవార్డ్ అనే ఫోటోగ్రాఫర్‌తో కలిసి స్టూడియో పెట్టారు. తర్వాత చార్లెస్ షెపర్డ్ కూడా కలిశారు. అదే పోను పోను బోర్న్ అండ్ షెపర్డ్‌గా దేశమంతా పేరు తెచ్చుకుంది.

ఎండాకాలం సిమ్లా నిండా దొరలే. కొండల దృశ్యాలు కొని ఇంటికి పంపుకునేవాళ్లకు కొదవ లేదు. అంటే బోర్న్‌కు కొండలంటే ఇష్టమూ ఉంది, గిరాకీ కూడా ఉంది.

అంత సామాను ఎందుకు?

ఇప్పుడు జేబులోంచి ఫోన్ తీస్తే ఫోటో అయిపోతుంది. అప్పట్లో ఫిల్మ్ కూడా లేదు, గాజు పలకే దిక్కు. చిన్న నెగటివ్ నుంచి పెద్ద ఫోటో తీయడం అప్పట్లో సులభం కాదు. కాగితాన్ని నెగటివ్‌కు ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసేవారు. అంటే ఫోటో ఎంత పెద్దది కావాలో గాజు అంత పెద్దది ఉండాలి, కెమెరా పెట్టె కూడా అంతే. బోర్న్ ఎక్కువగా వాడింది 12 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉన్న పలకలు. రెండున్నర మిల్లీమీటర్ల మందం అనుకుంటే ఒక్కోటి దాదాపు అర కిలో తూగుతుంది. వంద పలకలంటే 50 కిలోలు. ఆయన తీసుకెళ్లింది వందల పలకలు.

ఇంతటితో అయిపోలేదు. ఫోటో తీయబోయే ముందు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోయాలి. తర్వాత చీకట్లో వెండి ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే మళ్లీ చీకట్లోకి తెచ్చి కడగాలి. ఇదంతా కొన్ని నిమిషాల్లో పూర్తి కావాలి. ఆలస్యమైతే పలక పాడైపోతుంది. అందుకే ఫోటో తీసే చోటికల్లా చీకటి గది కూడా వెళ్లాల్సిందే. బోర్న్ దానికోసం సుమారు 10 అడుగుల ఎత్తున్న గుడారం వెంట తీసుకెళ్లారు. దానికి తోడు రసాయనాల సీసాలు, కెమెరాలు, వాటి కాళ్లు, పరుపులు, తిండి సామాను. గాజు పెట్టె మోసే మనిషి కాలు జారితే వారాల మెహనత్ ఒక్క చప్పుడుతో పోతుంది.

మూడు యాత్రలు

1863 జులై చివర్లో బోర్న్ సిమ్లా నుంచి మొదటి యాత్రకు బయలుదేరారు. వెంట దాదాపు 30 మంది కూలీలు. సట్లెజ్ లోయ వెంబడి చీనీ దాకా, ఇంకా పైకి స్పితీ హద్దుల దాకా వెళ్లి, సుమారు పది వారాల తర్వాత 147 నెగటివ్‌లతో తిరిగొచ్చారు. 1864లో లాహోర్ నుంచి మొదలుపెట్టి కాంగ్రా, చంబా మీదుగా కశ్మీర్ వెళ్లారు. అది తొమ్మిది నెలల ప్రయాణం. ఈసారి కూలీల సంఖ్య 40 దాటింది.

1866లో మూడోది, అన్నిటికంటే కష్టమైనది. కులు, లాహౌల్, స్పితీ దాటి మణిరంగ్ కనుమ ఎక్కారు. ఎత్తు 18,600 అడుగులు. ఊపిరి అందని చలిలో, చేతులు కొంకర్లు పోతుంటే అక్కడ ఫోటోలు తీశారు. సుమారు 20 ఏళ్ల పాటు అంతకంటే ఎత్తులో ఎవరూ ఫోటో తీయలేదు. ఆ తర్వాత గంగానది పుట్టే గంగోత్రి హిమానీనదం దాకా వెళ్లారు.

కర్రకు పని చెప్పిన రోజు

ఇక్కడిదాకా వింటే బోర్న్ పట్టుదలకు సలాం చేయాలనిపిస్తుంది. చేయొచ్చు కూడా. కాకపోతే ఈ హిసాబ్‌లో ఇంకో పేజీ ఉంది.

కొండల్లో అప్పుడు బేగార్ నడిచేది. మన తెలంగాణ పెద్దలు వెట్టి అంటే వెంటనే గుర్తుపడతారు, అలాంటిదే. దొరలు ప్రయాణం చేస్తే దారిలోని ఊళ్లు మనుషుల్ని పంపాలి. ఇచ్చే కూలి కొంత ఉన్నా, రానంటే కుదిరేది కాదు. ఒక యాత్రలో కూలీలు పెట్టెలు దించేసి వెళ్లిపోయారు. బోర్న్ చేతికర్ర పట్టుకుని ఊళ్లోకి వెళ్లారు. దాక్కున్నవాళ్లను వెతికి బయటికి లాగి, కర్రతో కొట్టి మళ్లీ బరువు ఎత్తించారు. ఇది గిట్టనివాళ్లు కల్పించింది కాదు. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫోటోగ్రఫీలో రాసిన యాత్రా వ్యాసాల్లో ఆయనే చెప్పుకున్నారు. అందులో తప్పు ఉందని ఆయనకు తోచినట్టు లేదు.

అవే వ్యాసాల్లో పలకల కొలతలున్నాయి, రసాయనాల లెక్కలున్నాయి. మణిరంగ్ దాకా గాజు మోసుకెళ్లినవాళ్ల పేర్లు మాత్రం లేవు.

ఆ తర్వాత

బోర్న్ 1867లో పెళ్లి చేసుకున్నారు. 1870ల మొదట్లో ఇండియా వదిలి నాటింగ్‌హామ్‌కు వెళ్లిపోయారు. అక్కడ నూలు వ్యాపారం చేశారు, మేజిస్ట్రేట్ అయ్యారు, కాలక్షేపానికి నీటిరంగుల బొమ్మలు వేశారు. 1912లో చనిపోయారు. ఇక్కడ ఉన్న ఏడెనిమిదేళ్లలో ఆయన తీసినవి రెండు వేలకు పైనే. ఆ గాజు నెగటివ్‌లు స్టూడియోలోనే ఉండిపోయాయి. 1991లో కలకత్తా స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదం పాత నిధిని చాలావరకు మింగేసింది. 2016లో స్టూడియోనే మూతపడింది. ప్రింట్లు మాత్రం ప్రపంచమంతా చేరి బతికే ఉన్నాయి.

బోర్న్ పోయిన తొమ్మిదేళ్లకు, 1921 జనవరిలో, అదే హిమాలయాల్లో కుమావూన్ వైపున్న బాగేశ్వర్‌లో వేలమంది గుమిగూడారు. బేగార్ కోసం తమ పేర్లు రాసిపెట్టిన రిజిస్టర్లను సరయూ నదిలో పారేశారు. ఇక బరువు మోయమని చెప్పారు. కొండల కూలీల పేర్లు కాగితం మీదకు ఎక్కింది అలాంటి రిజిస్టర్లలోనే, అదీ బరువు ఎత్తించడానికే.

బోర్న్ గొప్ప ఫోటోగ్రాఫర్, అందులో అనుమానం లేదు. ఎక్కడైనా ఆయన తీసిన మంచు కొండల ఫోటో కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. పక్కనున్న పిల్లలకు కింద రాసిన పేరు చదివి చెప్పండి. అక్కడ రాయని పేర్ల సంగతి కూడా చెప్పండి.