నరసింగరాయనిపేటలో హైదర్ అలీ

చిత్తూరునకు చేరువనున్న నరసింగరాయనిపేట పేరు మన విద్యార్థులలో ఎందరు విన్నారో మాకు సందేహమే. మైసూరు అధిపతి హైదర్ అలీ 1782 డిసెంబరు 7వ తేదీన అచ్చట, దండు విడిసిన చోటనే కన్నుమూసినాడు.

కోలారు సీమలోని బూదికోటలో 1720 ప్రాంతమున జన్మించిన ఈ పురుషునికి చదువను వ్రాయను రాదు. తండ్రి ఫతే మహమ్మద్ ఇతని బాల్యముననే యుద్ధమున మరణించినాడు. 1749 నాటి దేవనహళ్లి ముట్టడిలో పేరు తెచ్చుకొని, 1755లో దిండిగల్లు ఫౌజుదారై, 1761 నాటికి మైసూరు పాలన యావత్తు చేజిక్కించుకొన్నాడు. అక్షరము లేని లోటును అసాధారణమైన జ్ఞాపకశక్తి పూడ్చినది.

యుద్ధమనగా కత్తి, ఫిరంగి అని తలంచుట పరిపాటి. హైదరుకు మాత్రము మొదట ఎద్దులు, ఆపైన ధాన్యము. పూర్వపు మైసూరు రాజులు బెన్నెచావడి పేర పోషించిన పశువుల మందలను ఇతడు విస్తరించినాడు. టిప్పు కాలమున వానికి అమృతమహల్ అని పేరు వచ్చినది. ఆ ఎద్దుల బలముననే 1781లో హైదర్ సేన రెండున్నర దినములలో నూరు మైళ్లు నడిచి చిదంబరమును చేరినదని ప్రతీతి.

1780 జూలైలో అతడు కర్ణాటకముపై దండెత్తినప్పుడు మద్రాసు ప్రభుత్వమునకు సేన ఉన్నది గాని బండ్లకు ఎద్దులు లేవు, సిపాయిలకు బియ్యము లేదు. సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద బెయిలీ దళము నశించుచుండగా, కంచిలో కూడబెట్టిన బియ్యమును విడువలేక హెక్టర్ మన్రో కదలలేదు. (ఇతడు మన సీమ ఎరిగిన థామస్ మన్రో కాడు.) మరుసటి ఏట ఐర్ కూట్ కడలూరు వద్ద నెలల తరబడి ఓడల తిండికై నిరీక్షించినాడు. పోర్టోనోవోలోను షోలింగూరులోను గెలిచియు గెలుపును వెంటాడలేకపోయినాడు. నవంబరులో చిత్తూరు కోటను పట్టుకొన్నను కొరత తీరలేదు.

శత్రువునకు గింజ దక్కరాదని హైదర్ పల్లెలను, పైరులను తగులబెట్టించినాడు. ఇచ్చట మేము అతనిని మెచ్చుకొనలేము. ఎద్దులను, గింజలను అంత చక్కగా లెక్కించినవాడు వానిని పెంచిన రైతును లెక్కలో చేర్చలేదు. ఆ మంటలకు హిందువని, ముసల్మానని భేదము లేదు. వెనువెంటనే కరవు వచ్చినది.

సముద్రము మాత్రము అతనికి లొంగలేదు. 1782లో ఫ్రెంచివారి సఫ్రెన్ నౌకలతో వచ్చినను తీరమున దిగిన సేన స్వల్పము. అదే ఏడు మలబారులో అలజడి రేగగా, ఉన్న బలమును పంచి టిప్పును అటు పంపవలసి వచ్చినది. ఇటు హైదరు వీపున రాచపుండు లేచినది.

కుమారుడు దూరముననుండగా తండ్రి మరణించినాడు. వార్త పొక్కినచో దండు చెదరిపోవును. పూర్ణయ్య, కృష్ణారావు మున్నగు మంత్రులు దానిని గుప్తముగా ఉంచి, శవమును పెట్టెలో భద్రపరచి, విలువైన సొమ్మని నమ్మించి, కావలివారితో కోలారునకు పంపినారు. తరువాత శ్రీరంగపట్టణపు గుంబజులో సమాధి చేసినారు. టిప్పు వచ్చువరకు దండు చెదరలేదు.